పని పడ్డప్పుడే పూసే పూలు

నాకు ప్రకృతి అంటే ప్రాణమని మా చుట్టాలందరూ అనుకుంటారు. మా ఆవిడ అనుకోదు. ఇన్నేళ్ళ కాపరంలో ఆవిడ కనిపెట్టింది ఒకటే: ఈయనకి పని చెప్పినప్పుడే పువ్వు కనిపిస్తుంది. నీళ్ళ ట్యాంకరు వచ్చి డ్రమ్ములు నింపాల్సిన పూటే వీధి చివర రేల చెట్టు పచ్చగా విరగబూస్తుంది. కూలర్‌లో గడ్డి మార్చమన్న రోజే బాల్కనీలోకి సీతాకోకచిలుక వచ్చి వాలుతుంది. అటక మీంచి ఆవకాయ జాడీలు దించమంటే, ఆ అటక మూల సాలెగూటి మీద కిటికీ ఎండ పడి రంగులు రంగులుగా మెరుస్తుంది. చివరికి జాడీలు ఆవిడే దించుకుంటుంది. అదీ నేను ఫొటో తీయడం పూర్తిచేసి స్టూలు ఖాళీ చేశాక.

ఈ సిద్ధాంతం పచ్చి అబద్ధమని రుజువు చేద్దామని ఒక ఆదివారం ఏ పనీ నెత్తిన పడకుండా జాగ్రత్తపడి, ఫోను చేత్తో పట్టుకుని బాల్కనీలో కూర్చున్నాను. పిట్ట రాలేదు. పువ్వు పూయలేదు. నిద్ర మాత్రం వచ్చింది. లేచేసరికి ఆవిడ ఎదురుగా కూర్చుని మల్లెమొగ్గలు మాల కడుతోంది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆవిడకున్నంత వాక్చాతుర్యం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

అసలు అందాల్లో పెద్దవీ చిన్నవీ అని రెండు రకాలు. పెద్ద అందాలకి రైలు టిక్కెట్టు కావాలి, సెలవు కావాలి. తీరా అరకులోయ దాకా వెళ్తే అక్కడ మన కాలనీవాళ్ళే ఎదురుపడి అద్దెల సంగతి ఎత్తుతారు. చిన్న అందాలకి చెప్పులు తొడుక్కుంటే చాలు. వీటిలో ఇంకో సౌకర్యం ఉంది. చిన్నదాన్ని ఫొటో తీయాలంటే ముందు ఆగాలి, తరవాత వంగాలి, ఆపైన కూర్చోవాలి, మరీ చిన్నదైతే పడుకోవాలి. పడుకుని కూడా 'ఏదో చేస్తున్నాడు' అనిపించుకోగలిగే పని లోకంలో ఇంకొకటి నాకు తెలీదు. దీనికి వేసవి మరీ అనువు. ఎండాకాలంలో ఎండ తప్ప ఏముందండీ అంటారు జనం. వాళ్ళకి పనులున్నాయి, పాపం. వేప, కానుగ, రేల, తురాయి అన్నీ పూసేది ఈ ఎండల్లోనే. ఆకు పలచబడిన కొమ్మకి పూస్తే తేనెటీగకి దూరం నుంచే కనబడుతుందని ఆ చెట్లకి తెలుసు. ఆఫీసు బస్సు కోసం పరిగెత్తేవాడికి కూడా కనబడుతుంది. అదే వచ్చిన చిక్కు.

మేముండేది హైదరాబాదులో అల్వాల్ వైపు. మాది ఓ పాత అపార్ట్‌మెంటు. ప్రహరీ బయట కానుగ చెట్లు వరసగా ఉన్నాయి. ఉగాది దాటేసరికి వాటికొచ్చే కొత్త ఆకు చూడాలి. ఇప్పుడే నూనె రాసినంత నిగనిగ. తరవాత పూత. చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు కాబట్టి పువ్వూ ఆ బాపతుదే, గోరంత. తెలుపూ లేత ఊదా కలిసి ఉంటుంది. రాత్రంతా రాలి, తెల్లారేసరికి వాకిలి కనపడకుండా పరుచుకుని ఉంటాయి. వాటి మధ్య నేను గొంతుక్కూర్చుని ఉండగా, పెరుగు పాకెట్ కోసం మా ఆవిడ నన్ను కిందికి పంపిన సంగతి నాకూ, పెరుగు కోసం ఎదురుచూస్తున్న చుట్టాలకీ తప్ప ఇంకెవరికీ తెలీదు. ఇంతలో చీపురుతో వాచ్‌మన్ భార్య వచ్చింది.

"జర జరుగుండ్రి సారూ."

"ఒక్క ఐదు నిమిషాలు ఊడవకమ్మా. వెలుతురు అటు నుంచి రావాలి."

"వెల్తురొచ్చేదాంక నేనాగాల్నా? ప్రెసిడెంట్ సారు కారు తీస్తడు, కింద చెత్తుంటే నన్నంటడు."

"ఇది చెత్త కాదమ్మా, పూలు."

ఆవిడ పూలనీ నన్నూ మార్చి మార్చి చూసి, చీపురు నా పక్కన గోడకి ఆనించింది. "మంచిగ తీస్కోండ్రి ఫొటో. తీసినంక మీరే ఊడువుండ్రి" అని వెళ్ళిపోయింది. మాటంటే మాటే. వెలుతురు వచ్చింది, ఫొటో తీశాను, వాకిలంతా ఊడ్చాను. ఆ ఊడుస్తున్న దృశ్యాన్ని మా ఆవిడ మూడో అంతస్తు బాల్కనీ నుంచి చూసింది. పెళ్ళయిన కొత్తలో నాకు చీపురు పడదని, దుమ్ముకి తుమ్ములొస్తాయని చెప్పి ఉన్నాను. ఆ సాయంత్రం నుంచి మా హాలు ఊడ్చే బాధ్యత నాకు దఖలుపడింది. తుమ్ములు రావడం లేదు. రప్పిద్దామని ప్రయత్నించాను కూడా.

తురాయి పూల విషయంలోనూ అంతే. కరెంటు బిల్లు గడువు ఆఖరి రోజున ఆ చెట్టు కింద ఆగాను. అందరూ ఎర్రపువ్వు అనేసి వెళ్ళిపోతారుగానీ, దాని ఐదు రేకుల్లో నాలుగే నిండా ఎరుపు. ఐదోది కాస్త పెద్దది, నిటారుగా నిలబడి ఉంటుంది, దాని మీద తెలుపూ పసుపూ చారలు. తేనె ఎక్కడుందో వచ్చే అతిథికి చూపించే బోర్డు అది. ఈ చెట్టు పుట్టిల్లు మడగాస్కర్. మనం మాత్రం మన ఊరి చెట్టే అనుకుని దాని కేసరాలతో కోడిపందేలు ఆడుకుంటూ పెరిగాం. ఆ రోజు చెట్టు కింద పిల్లలు అదే ఆడుతున్నారు. కేసరానికి కేసరం తగిలించి లాగితే ఎవరిది తల తెగితే వాళ్ళు ఓడినట్టు. 'ఫొటో తీసుకుంటాను, ఒకసారి ఆడండ్రా' అన్నాను. 'మీరూ ఆడాలి అంకుల్' అన్నారు. నా పుంజులన్నీ ఓడిపోయాయి. బిల్లు గడువూ దాటిపోయింది. ఆలస్య రుసుము ఎందుకు పడిందని ఇంట్లో అడిగితే కోడిపందేల్లో పోయిందని చెప్పాను. మా అత్తయ్యగారు భీమవరం మనిషి. ఆవిడ నిజమే అనుకున్నారు.

అత్తయ్యగారు వేసవికి మా ఇంటికి వస్తారు. ఆవిడకి తెల్లవారుజామున నిద్ర పట్టదు. కోయిలకీ పట్టదు. చీకటితోనే మా కిటికీ పక్క మామిడి చెట్టులోంచి అందుకుంటుంది. మొదలుపెట్టినప్పుడు కింది స్థాయిలో ఉంటుంది, కూతకూతకీ ఓ మెట్టు పైకి ఎక్కుతూ, ఇంక పైకి వెళ్ళలేదనుకున్న చోట టక్కున ఆపేస్తుంది. దాని ఫొటో తీయాలని నాకు చిరకాల వాంఛ. నా ఫోనులో ఆ మామిడి ఆకుల ఫొటోలు బోలెడున్నాయి. ప్రతి దాంట్లోనూ కోయిల ఉంది, కనపడదు, అంతే. ఒక ఉదయం గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలున్న పిట్ట ఒకటి కొమ్మ చివర తీరిగ్గా కూర్చుని దొరికింది. ఇదేదో కొత్త పిట్ట అనుకుని సంబరపడి తీశాను. పుస్తకం తిరగేస్తే అదే ఆడ కోయిల. నల్లగా, ఎర్ర కళ్ళతో ఉండేది మగది. తెల్లవార్లూ ఆ పాట పాడేది కూడా మగదే. ఈ సంగతి వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకి ఘనంగా ప్రకటించాను.

"అది మీరు చెప్పాలా?" అంది పోపు వేస్తూనే. "పనున్న ఆడది చెట్టెక్కి అన్ని గంటలు పాడుతూ కూర్చుంటుందా?"

"అదీ కాదు, అది గూడు కూడా కట్టదు. గుడ్లు తీసుకెళ్ళి కాకి గూట్లో పెడుతుంది. కాకి పొదుగుతుంది."

"అయితే వాళ్ళాయన పాడుతూ కూర్చుంటాడు, ఈవిడ పిల్లల్ని పొరుగింట్లో పడేస్తుంది. ఇద్దరూ ఇద్దరే. ఆ కాకి ఫొటో తీయండి, పాపం, దాన్నెవరూ తీయరు."

నేను తీయలేదు. కాకి ఆ సమయంలో మేడ మీద మా సగ్గుబియ్యం వడియాల చుట్టూ తిరుగుతోంది. దానికి కాపలా నేనే. మేడ ఎక్కి కాకిని ఫొటో తీస్తే, కాకిని తోలలేదేమని అడిగే అవకాశం ఉంది.

నా అభిరుచికి కాస్త గౌరవం తెద్దామని పెద్దల పేర్లు కూడా వాడి చూశాను. మద్రాసులో ఎం. కృష్ణన్ అని ఒక మహానుభావుడు ఉండేవారు. 1912లో పుట్టి 1996లో పోయారు. అడవి జంతువుల్ని నలుపు తెలుపుల్లోనే ఫొటోలు తీశారు. తన కెమెరాని ఏవేవో భాగాలు కలిపి తనే కూర్చుకున్నారు. 'స్టేట్స్‌మన్' పత్రికలో 1950 నుంచి పోయేవరకూ ప్రకృతి మీద శీర్షిక నడిపారు. పులులూ ఏనుగులే కాదు, పెరట్లో తిరిగే తొండ మీదా, ఉడత మీదా అంతే శ్రద్ధగా రాశారు. ఇదంతా భోజనాల దగ్గర చెప్పాను. మా ఆవిడ శ్రద్ధగా విని, "ఆయన రాసింది పత్రికకి. మీరు పెట్టేది మా పెద్దన్నయ్య వాట్సాప్ గ్రూపులో" అంది. దానికి జవాబు లేదు. ఆ గ్రూపులో నేను పెట్టిన వేపపువ్వు ఫొటోకి మా బావమరిది పెట్టిన స్పందన 'షుగరుకి మంచిది' అని.

వేపపువ్వు దగ్గరే నాకు వేసవిలో మరవరాని కీర్తి దక్కింది. ఆ పువ్వు సెంటీమీటరు కూడా ఉండదు. ఉగాది పచ్చట్లో వేసుకుని నమిలేస్తాం కాబట్టి దాని ముఖం ఎవరూ చూడరు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఐదు తెల్ల రేకులు వెనక్కి వాలి ఉంటాయి, నడిమధ్య కేసరాలన్నీ కలిసిపోయి చిన్న గొట్టంలా నిలబడతాయి. మా ఆవిడ ఏటా వేపపువ్వు ఏరి, ఎండబెట్టి, చారు కోసం సీసాలో పోసి ఉంచుతుంది. ఏరిపెట్టమని నన్ను మేడ మీదికి పంపింది. ఎండ నలభై దాటింది. రెండు ఫొటోలు తీసేసరికి ఫోను కాలిపోతూ, చల్లబడితేగానీ కెమెరా తెరవనని భీష్మించింది. దానితోపాటు వచ్చిన కాగితంలో 35 డిగ్రీలకి మించిన వేడిలో వాడకూడదని రాసి ఉంది. మే నెలలో మన దగ్గర అది తెల్లవారుజామున తప్ప వాడరాదని అర్థం. నేను కిందికి దిగి ఫోనుని ఫ్రిజ్‌లో దోసెల పిండికీ కరివేపాకు కవరుకీ మధ్య పెట్టి, అది చల్లబడేలోగా ఒక కునుకు తీద్దామని వాలాను.

ఫోనుకి నేను పెట్టుకున్న పాట సుప్రభాతం. మధ్యాహ్నం రెండు గంటలకి ఫ్రిజ్‌లోంచి సుప్రభాతం మొదలైంది. అత్తయ్యగారు మజ్జిగ కోసం అటే వెళ్తున్నారు. ఆవిడ ఫ్రిజ్‌కి దణ్ణం పెట్టుకుని నిలబడ్డారని మా అమ్మాయి చెబుతుంది. అదైనా ఫరవాలేదు. అసలు కథ తరవాతది. చల్లటి ఫోను తీసుకుని నేను మేడెక్కి వేపకొమ్మ ముందు పెట్టాను. బయటి గాలిలోని తేమ చల్లటి గాజుకి తగిలి లెన్సు మీద మంచులా పట్టింది. ఫొటో చూస్తే తెల్లటి పొగమంచులో లేత చిగుళ్ళు, తెల్ల పూలు, వెనకాల ఏదో లోయ ఉందనిపించే మసక. అది మా ప్రెసిడెంటు గారి నీళ్ళ ట్యాంకు. గ్రూపులో పెట్టాను. నిమిషంలో మా మరదలు అడిగింది: "ఊటీ ఎప్పుడెళ్ళారు బావగారూ? మాట మాత్రం చెప్పలేదు!"

కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ రోజు సాయంత్రం దాకా నేను ఊటీలోనే ఉన్నాను. 'చలి బాగా ఉందా' అంటే 'భరించదగ్గదే' అన్నాను. ఫ్రిజ్‌లో చెయ్యిపెట్టి చూసే అన్నాను కాబట్టి అది అబద్ధం కాదు. రాత్రి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు. మా మరదలు కోపం తగ్గడానికి మా ఆవిడ ఒక పట్టుచీర ఆశ చూపాల్సి వచ్చిందని తరవాత తెలిసింది.

ఇక అప్పడాల కర్ర సంగతి. దీన్ని నేను దాచిపెడదామనుకున్నానుగానీ చుట్టాల్లో ఇప్పటికే తలో రకంగా ప్రచారంలో ఉంది కాబట్టి నా వాంగ్మూలం కూడా ఉండడం మంచిది.

ఏటా మే 9న మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కాస్త అటూ ఇటూ కాదు, నిట్టనిలువుగా. ఉత్తరానికి జరుగుతూ కర్కాటక రేఖ దాకా వెళ్ళేవాడు కాబట్టి, దారిలో 17 డిగ్రీల చిల్లర అక్షాంశంలో ఉన్న మన మీంచి పోకతప్పదు. మళ్ళీ ఆగస్టు మొదట్లో తిరుగు ప్రయాణంలో ఇంకోసారి వస్తాడుగానీ, అప్పటికి మబ్బులుంటాయి. ఢిల్లీ వాళ్ళు ఆ రేఖకి పైన ఉన్నారు, వాళ్ళకి ఈ యోగం ఏ రోజూ లేదు. ఆ క్షణాన నిటారుగా నిలబెట్టిన వస్తువుకి నీడ పడదు. నీడ లేకుండా పోతుందని కాదు, ఆ వస్తువు కిందే అణిగిపోతుంది. ఇంతకంటే చిన్న అందం ప్రకృతిలో ఏముంటుంది? అసలు ఉండనే ఉండదు. దాన్ని ఫొటో తీయాలని నిశ్చయించుకున్నాను.

నిటారుగా, గుండ్రంగా, సన్నగా ఉండే వస్తువు కావాలి. ఇల్లంతా వెతికితే అప్పడాల కర్ర దొరికింది. అది నిలబడదు కాబట్టి చపాతీ పిండి ముద్ద కొంచెం తీసుకుని, మేడ మీద ఒక పీట వేసి, ముద్దలో కర్ర గుచ్చి నిలబెట్టాను. కింద మా ఆవిడ చపాతీలు చేయడానికి పొయ్యి వెలిగించి, అప్పడాల కర్ర కోసం వెతుకుతోందని నాకెలా తెలుస్తుంది? మాడుతున్న నెత్తితో, కాలుతున్న కాళ్ళతో నిలబడ్డాను. నీడ పొట్టిదై, మరీ పొట్టిదై, కర్ర కింద దూరి మాయమైంది. తీశాను. ఆనందంలో ముందూ వెనకా ఆలోచించకుండా గ్రూపులో పెట్టేశాను. కింద 'చూశారా! ఈ రోజు మా ఇంట్లో' అని మాత్రం రాశాను. మిగతా శాస్త్రమంతా రాద్దామనుకునేలోగా ఫోను వేడెక్కి ఆగిపోయింది.

తెలుగువాడికి నిటారుగా నిలబెట్టిన అప్పడాల కర్ర బొమ్మ చూపిస్తే నీడ లేదన్న సంగతి గమనించడు. మన వారపత్రికల కార్టూన్లు తరతరాలుగా ఆ కర్రకి ఒకే ఉద్యోగం ఇచ్చాయి. ఫోను మళ్ళీ తెరిచేసరికి పరామర్శలు వెల్లువెత్తాయి. "దెబ్బలు బాగా తగిలాయా?" అని ఒకరు. "ఇన్నేళ్ళకి మా చెల్లెలికి ధైర్యం వచ్చింది" అని మా బావమరిది. విశాఖపట్నం పిన్నిగారు విడిగా ఫోను చేసి, "సర్దుకుపో నాయనా, ఎండలకి ఆడవాళ్ళకి కోపం వస్తుంది" అని ఓదార్చారు. ఇదంతా ఒక ఎత్తు. కర్ర తీసుకుందామని మేడెక్కిన మా ఆవిడ, దాని అడుగున ఎండకి కరకరలాడుతున్న పిండి ముద్దని చూడడం ఒక ఎత్తు. అప్పటిదాకా గ్రూపులో ఉన్నవి వదంతులే. నిజమయ్యే ప్రమాదం అప్పుడే ఏర్పడింది.

ఆ తరవాత కొన్నాళ్ళు మేడ మీదికి వెళ్ళలేదు. నేలమీద పడ్డాను. ఇది మాటవరసకి అన్నది కాదు. మెట్ల పక్క గోడవారన వాన తగలని మెత్తటి మట్టి ఉంది. అందులో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంట అడుగున ఒక పురుగు దవడలు మాత్రం పైకి పెట్టుకుని దాక్కుని ఉంటుంది. చీమ అంచు మీద కాలు వేస్తే మట్టి జారుతుంది. చీమ పైకి ఎగబాకితే కింద నుంచి ఇది మట్టి చిమ్మి మళ్ళీ జార్చేస్తుంది. వెనక్కి తప్ప ముందుకి నడవదు. పెద్దయ్యాక రెక్కలొచ్చి తూనీగలాగే కనిపిస్తుంది. అన్నిటికన్నా విడ్డూరం, రెక్కలొచ్చేదాకా అది తిన్నదేదీ విసర్జించదు. ఆ దారే లేదు దానికి. ఈ సంగతి విని అత్తయ్యగారు చాలా బాధపడ్డారు. "త్రిఫల చూర్ణం వేస్తే పోయేదానికి" అన్నారు.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఇంట్లో గ్యాసు సిలిండరు మార్చమన్నారు. నేను గోడవారన గుంట పక్కన బోర్లా పడుకున్నాను. ఫోను గుంట అంచుకి ఆనించి, ఊపిరి బిగబట్టి, కదలకుండా చీమ కోసం చూస్తున్నాను. చీమ వస్తోంది. అంచు దాకా వచ్చింది. అప్పుడే వెనక నుంచి కేక: "అయ్యో! సారు పడిపోయిండు!"

ఆ తరవాత జరిగింది చాలా వేగంగా జరిగింది. ఒకరు నన్ను వెల్లకిలా తిప్పారు. ఒకరు బకెట్టు నీళ్ళు నెత్తిన గుమ్మరించారు. ఒకరు ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టారు. రెండో అంతస్తు మాస్టారు ఓఆర్‌ఎస్ పొడి కలుపుతూ 'వడదెబ్బ లక్షణాలు' అని అందరికీ పాఠం చెబుతున్నారు. నీళ్ళన్నీ గుంటలోకి పోయి పురుగూ, చీమా, కథా అన్నీ కొట్టుకుపోయాయి. ఆ క్షణంలో నా ముందు రెండు దారులు. చీమ జారిపడ్డం చూద్దామని పడుకున్నానని ఒప్పుకోవడం, లేదా వడదెబ్బ తినడం. నేను కళ్ళు సగం మూసి, 'మజ్జిగ' అన్నాను. పరువు దక్కింది. అంత చల్లటి మజ్జిగ మా ఇంట్లో కూడా ఎప్పుడూ దొరకలేదు.

ఇంతలో మా ఆవిడ దిగివచ్చింది. కంగారుపడలేదు. నా మోచేతులకంటిన మట్టి చూసింది, చొక్కా ముందువైపు చూసింది, కింద పడి ఉన్న ఫోను తీసి తెరిచి చూసింది. అందులో ఎవరిదో హవాయి చెప్పు చాలా దగ్గరనుంచి, చాలా స్పష్టంగా పడింది. గుంపు వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది: "భయపడకండి. వడదెబ్బ కాదు. ఈయన మామూలుగానే ఇంత."

మాస్టారు ఓఆర్‌ఎస్ గ్లాసు వెనక్కి తీసుకున్నారు.

ఇన్ని జరిగినా ప్రకృతి నా పక్షాన ఉందనే నా నమ్మకం. పని తప్పించడంలో అది నన్నెప్పుడూ మోసం చేయలేదు. జూన్ మొదట్లో ఒక రోజు బాల్కనీలో బట్టలారేసే తీగ చివర్న నారపోగులూ సాలెగూటి దారాలూ కలిపి అల్లిన సంచీ లాంటిది వేలాడడం మొదలైంది. తేనెపిట్ట గూడు. పైన బెరడు ముక్కలూ, ఎండుటాకు చెత్తా అతికించి ఉంటాయి కాబట్టి చూస్తే గాలికి తగులుకున్న చెత్త అనుకుంటాం. పక్కన చిన్న గుమ్మం, గుమ్మం మీద వాన లోపలికి కొట్టకుండా చూరు. బాల్కనీ రెయిలింగు మీద మగపిట్ట కూర్చుంటుంది. నీడలో నలుపు, ఎండ తగిలితే నీలం, ఊదా తళుక్కుమంటాయి. ఆడది బూడిద పచ్చగా, పొట్ట దగ్గర పసుపుగా, సాదాగా ఉంటుంది. గూడంతా ఆడదే కట్టింది. మగది పాడింది. మా ఆవిడ ఈ విషయంలో ఏ వ్యాఖ్యా చేయలేదు, నావైపు చూసింది, అంతే.

నాకు మాత్రం ఆనందం పట్టలేదు. ఎందుకంటే ఆ తీగ మీద బట్టలారేయడం నా వంతు పని. గూడుంటే తీగ వాడకూడదు. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలకి రెక్కలు రావడానికి ఇంకో రెండు వారాలు. కాస్త తక్కువ నెల రోజులు సెలవు! పక్షుల పుస్తకం చేతపట్టుకుని, ఆ సమయంలో తల్లిని బెదరగొట్టడం ఎంత పాపమో గంభీరంగా వివరించాను. ఆవిడ అంతా విని, "నిజమే, దాన్ని కదపకూడదు" అంది. ఎప్పుడూ లేనిది వెంటనే ఒప్పుకుంది. అప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు తడిబట్టల బకెట్టు నా చేతిలో పెట్టింది. "మేడ మీద తీగ కట్టించాను. రెండు అంతస్తులేగా, ఎక్కెయ్యండి. ఇంకో మాట, బాల్కనీ తలుపు తీయకండి. మీరు ఫొటో అంటూ ముక్కు పెట్టారంటే అది గుడ్లు వదిలేసి పోతుంది." గూళ్ళ ఫొటోలు తీయకూడదనే నియమం చాలా ఫొటో పోటీలవాళ్ళు కూడా పెట్టుకున్నారు. తల్లి భయపడుతుంది, మనం తొలగించిన ఆకు సందులోంచి కాకి చూస్తుంది. ఈ విషయం నేనెప్పుడూ ఇంట్లో బయటపెట్టలేదు. ఆవిడకి ఎవరు చెప్పారో తెలీదు. ఎవరూ చెప్పి ఉండరు.

అలా నా వేసవిలోకెల్లా గొప్ప దృశ్యం నా ఇంట్లోనే, మూసిన తలుపు వెనక జరిగింది. నాకు కబుర్లు మాత్రం వంటింటి కిటికీ నుంచి అందేవి. ఆ కిటికీ దగ్గర స్థలం అత్తాకోడళ్ళది కాదు, తల్లీకూతుళ్ళది. నాకు చోటు లేదు. "ఇవాళ రెండు ముక్కులు బయటికొచ్చాయి." "మగాడు కూడా పురుగు తెచ్చి పెట్టాడండోయ్, మెచ్చుకోవాలి." నేను బకెట్టుతో మెట్లెక్కుతూ వింటూ ఉండేవాణ్ణి. మృగశిర చినుకులు పడ్డాక ఇంకో భోగం తోడైంది. ఎక్కి ఆరేయడం, ఉరిమితే ఎక్కి తీసుకురావడం, ఎండొస్తే మళ్ళీ ఎక్కడం. మేడ మీద తడి మట్టిలో కుండీ పక్కన ఎర్ర మఖ్మల్ చుక్క ఒకటి, ఆరుద్ర పురుగు, ఎనిమిది కాళ్ళతో నింపాదిగా నడుస్తూ కనిపించింది. రెండు చేతుల్లోనూ దుప్పట్లు. ఫోను కింద. ఉరుములు. దానికి దారి ఇచ్చి దిగొచ్చాను.

చివరికి ఒక ఉదయం పిల్లలు రెండూ ఎగిరిపోయాయని కబురొచ్చింది. నేను అప్పటికే బట్టల బకెట్టు తీసుకుని బాల్కనీ తలుపు దగ్గరున్నాను. గడియ మీద చెయ్యి వేశాను.

"ఆగండాగండి" అంది వెనక నుంచి. "ఒక్కోసారి అదే గూట్లో మళ్ళీ గుడ్లు పెడతాయని ఆ పుస్తకంలోంచి మీరే కదా చదివి వినిపించారు? ఇంకో నాలుగు వారాలు చూద్దాం."

మెట్ల మీద మాస్టారు ఎదురయ్యారు. నా చేతిలో బకెట్టు చూసి పక్కకి తప్పుకుంటూ, "పైన ఇవాళ ఏం పూసిందండీ?" అని అడిగారు.

"రెండు పంచెలు, ఒక దుప్పటి" అన్నాను.